చార్ల్‌టన్ క్రీడాస్థలమును గ్రీనిచ్ పురసభ యెన్నికయును

గ్రీనిచ్ అను పేరు భూగోళపాఠములు చదివిన బాలురందఱికిని దెలిసినదే. రేఖాంశముల లెక్కకు మొదటిగీఁత యచ్చటి నక్షత్రశాలమీఁదుగాఁ బోవుచున్నది. లండను మహానగరమున థేమ్సునదికి దక్షిణపుటొడ్డున నున్న యీ పురవిభాగమున 1990వ సంవత్సరమున నొక వింతయైన యెన్నిక జరిగెను. ఫుట్‌బాలు ఆట చూచువారు తమ యాటస్థలముకొఱకు తామే యొక రాజకీయపక్షముగా నేర్పడి పురసభాస్థానములకుఁ బోటీచేసిరి. ఒక్కస్థానమైనను గెలువలేదు. అయినను దాము కోరినది పదునొకండు మాసములలో సాధించిరి. ఓడినవారి కోరిక నెఱవేఱుట యెట్లు సంభవించెనో తెలియవలెనన్న ఆ స్థలముయొక్క చరిత్రమును మొదటినుండి చూడవలసియున్నది.

చార్ల్‌టన్ అనునది గ్రీనిచ్చునకును వూలిచ్చునకును నడుమ నున్న పేట. వూలిచ్చున బ్రిటిషు ప్రభుత్వపు ఆయుధకర్మాగారము శతాబ్దములతరబడి యుండెను. ఆ కర్మాగారపుఁ బనివారు 1886లో స్థాపించిన ఫుట్‌బాలు క్లబ్బే నేఁడు లోకమెల్ల నెఱిఁగిన ఆర్సెనల్. ఆ పేరున కర్థమే ఆయుధాగారము. 1913లో దాని యాజమాన్యము ఎక్కువ రాఁబడి నాశించి క్లబ్బును నది దాఁటించి, ఉత్తర లండనులోని హైబరీకిఁ గొనిపోయెను. పేరును వెంటఁ దీసికొనిపోయి, ఆ పేరునకుఁ గారణమైన పనివారిని వెనుక విడిచెను. క్లబ్బనఁగాఁ జట్టముదృష్టిలో నొక కంపెనీ. కంపెనీ తన యిచ్చవచ్చినచోట నుండును. వూలిచ్చు ప్రజల చేతిలో దాని నాపఁగల సాధనమేదియు లేకుండెను. తరువాతికథకు ఈ పూర్వోదాహరణము ముఖ్యమైనది.

1905వ సంవత్సరము జూను 9వ తేదీన నదిగట్టున నున్న ఈస్టు వీధి కుఱ్ఱవాండ్రు కొందఱు చార్ల్‌టన్ అథ్లెటిక్ క్లబ్బును స్థాపించిరి. ఆ వీధిలోని చేఁపలయంగడివాఁడు క్లబ్బునకు మొదటి పోషకులలో నొకఁడు. హాడక్ అను చేఁపపేరు అచ్చటి యాసలో ఆడిక్ అయి, క్లబ్బునకు ముద్దుపేరుగా నిలిచిపోయెను. గంభీరమైన బిరుదముల కలవాటుపడిన పండితులకిది నవ్వు పుట్టింపవచ్చును. కాని పుట్టినవీధిని మఱవనీయని బిరుదము తక్కువది కాదు. ఆర్సెనల్ లేచిపోయిన 1913లోనే చార్ల్‌టన్ వారు పెద్దల క్లబ్బుల వరుసలోఁ జేరుటకు నిశ్చయించుకొనిరి. ఒకరు విడిచిన చోటును మఱియొకరు పూరించిరి.

1919లో వారికి సొంత యాటస్థలము కావలసివచ్చెను. ఇసుకయు సుద్దయుఁ ద్రవ్వి విడిచిన యొక పెద్దగొయ్యి దొరకెను. కూలి యిచ్చుటకు ధనము లేదు. అభిమానులే పలుగులు పాఱలు పట్టి అడుగును జదునుచేసి, త్రవ్వితీసిన మన్నును చుట్టును గట్లుగాఁ బోసిరి. ఆ గట్లే ప్రేక్షకులు నిలుచు మెట్లయ్యెను. పల్లపుచోటగుటచే దానికి వ్యాలీ, అనఁగా లోయ, యని పేరు కలిగెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన అచ్చట మొదటి యాట జరిగెను. ఊరిచెఱువు గట్టు వేసినవారికి ఆ చెఱువుమీఁద నెట్టి మమకారముండునో, ఈ గొయ్యిమీఁద ఆ ప్రాంతపు వారికట్టి మమకారమేర్పడెను. దస్తావేజులలో వ్రాయఁబడని హక్కు అది.

క్లబ్బు 1921లో ఫుట్‌బాలు లీగులోఁ జేరెను. 1923లో యాజమాన్యమువారు కొన్ని మైళ్ల దూరముననున్న కాట్‌ఫర్డునకు క్లబ్బును దరలించి చూచిరి. జనము వెంట రాలేదు. ఆటకాలము ముగియునప్పటికే మఱల వ్యాలీకిఁ దిరిగివచ్చిరి. అఱువదియేండ్ల తరువాతి యజమానులు తమ క్లబ్బు చరిత్రమును జదివియుండినచో, వారికి ఈ యొక్క సంవత్సరపు ననుభవము చాలియుండును.

1933లో జిమ్మీ సీడ్ అను నతఁడు నిర్వాహకుఁడుగా వచ్చుటతో మంచిదినములు ప్రారంభమయ్యెను. క్లబ్బు 1935లోను 1936లోను వరుసగా మెట్టువెంట మెట్టెక్కి మొదటి శ్రేణిలోఁ బ్రవేశించి, 1937లో నచ్చట రెండవస్థానమును బొందెను. 1938 ఫిబ్రవరి 12వ తేదీన ఆస్టన్ విల్లాతో జరిగిన యాటకు వ్యాలీలో 75,031 మంది చేరిరి. 1947లో ఇంగ్లాండు ఫుట్‌బాలు సంఘపుఁ గప్పును గెలిచిరి. ఆపిమ్మట నిమ్నోన్నతములు పెక్కు కలవు. వానిలో నొక్కటి చెప్పక విడువరాదు. 1957 డిసెంబరు 21వ తేదీన హడర్స్‌ఫీల్డుతో నాడుచు, ఒక యాటగాఁడు గాయపడి తొలఁగఁగా పదిమందితో మిగిలి, 5-1 వెనుకఁబడియుండి, తుదకు 7-6 గా గెలిచిరి. ఏడింటిలో నైదు గోళ్లు జానీ సమ్మర్సు ఒక్కఁడే చేసెను. ఆ దినమున అచ్చట నుంటినని చెప్పుకొనువారి సంఖ్య నిజముగా నున్నవారికంటె నెన్నోరెట్లు పెరిఁగియుండును; అట్లు చెప్పుకొనుటయే యొక స్థలమునకు గల విలువకు సాక్ష్యము.

1967లో వూలిచ్చు ఆయుధకర్మాగారము మూసివేయఁబడెను. మఱుసటి యేఁడు అచ్చటి సీమెన్స్ కార్ఖానా మూఁతపడెను. వేలకొలఁది జనము ఒకేవేళకుఁ బనికిఁ బోయి ఒకేవేళకు మఱలివచ్చు కాలము ముగిసెను. కర్మాగారపు ద్వారమువద్ద కలిసికొనువారు ఇఁక శనివారపు టాటవద్దనే కలిసికొనవలసివచ్చెను. జనము పలుచనైన యా దినములలోనే వ్యాలీకి విలువ హెచ్చెననుట వింతగాఁ దోఁచును గాని యథార్థము.

క్లబ్బును 1930 ప్రాంతములనుండి గ్లిక్‌స్టెన్ అను కలపవర్తకుల కుటుంబము నడపుచుండెను. 1982లో ఆ కుటుంబమువారు క్లబ్బును విక్రయించిరి. భూమిని మాత్రము విక్రయింపలేదు. అంతటినుండి ఇల్లొకరిది, కాఁపురమొకరిది. క్రొత్తయజమాని రెండేండ్లలో నప్పులపాలయ్యెను. 1984లో న్యాయస్థానము పాతకంపెనీని రద్దుచేయఁగా, కొందఱు ధనవంతులు కడపటిగడియలో ముందునకు వచ్చి క్రొత్తకంపెనీ పెట్టి క్లబ్బును బ్రదికించిరి. భూమి పాతయజమానియొద్దనే యుండెను.

1985 మే 11వ తేదీన ఉత్తర ఇంగ్లాండులోని బ్రాడ్‌ఫర్డు క్రీడాస్థలమున కొయ్యతోఁ గట్టిన ప్రేక్షకశాల తగులఁబడి 56 మంది మృతినొందిరి. దేశమంతటను బాతకట్టడముల పరీక్షలు మొదలయ్యెను. బృహల్లండను సభవారు వ్యాలీలోని తూర్పుగట్టు అపాయకరమని దానిని మూయించిరి. అదే సమయమున భూస్వామి పడమటిశాల వెనుకనున్న భాగము తనదని కంచె వేయించెను. 1985 సెప్టెంబరు 7వ తేదీన ఆటకు వచ్చిన జనమునకు ద్వారములయొద్ద నొక కరపత్రము పంచిపెట్టిరి: క్లబ్బు వ్యాలీని విడిచి, క్రిస్టల్ పాలెస్ క్లబ్బువారి సెల్‌హర్స్టు పార్కులో నద్దెకుండఁబోవుచున్నదని దానిలోని సారాంశము. అరువదియాఱేండ్ల కాఁపురమునకు రెండువారముల గడువు.

సెప్టెంబరు 21వ తేదీన స్టోక్ సిటీతో కడపటియాట జరిగెను. ప్రేక్షకులు మైదానములోనికి దిగి కూర్చుండిరి. నడుమనున్న వృత్తమున పూలచక్రము నుంచిరి. ఆట కొంత యాలస్యమయ్యెను. అంతకుమించి యేమియుఁ గాలేదు. నిరసనకుఁ బ్రేక్షకుని చేతనున్న ఆయుధమొక్కటే, టికెట్టు కొనకుండుట. సెల్‌హర్స్టునకు వేలకొలఁది మంది పోక మానివేసిరి కూడను. 1986లో క్లబ్బు మొదటి శ్రేణికెక్కినను, కొన్ని యాటలకు ఆఱేడువేలకు మించి జనము రాకుండిరి. అయినను దానివలన యజమానుల నిర్ణయము మాఱలేదు. 1913లో వలెనే 1985లోను ప్రేక్షకుఁడు కొనుగోలుదారుగా మాత్రమే లెక్కింపఁబడెను; కొనుగోలుదారు కోపము అంగడిని మూయింపఁగలదేమో కాని యింటికిఁ దిరిగి తీసికొనిరాఁజాలదు.

అజ్ఞాతవాసము సాగుచుండెను. స్థానికవార్తాపత్రికయైన మెర్క్యురీ వ్యాలీయే తమ యిల్లని కోరు మహజరు నొకదానిని నడపఁగా, సుమారు 15,000 సంతకములు చేరెను. 1988లో అభిమానులు వాయిస్ ఆఫ్ ది వ్యాలీ యను చిన్నపత్రికను స్థాపించిరి. దేశమంతట నట్టిపత్రికలు వెలువడుచున్న దినములవి. చాలభాగము పరిహాసములతోను ఆటగాండ్ర నిందలతోను నిండియుండెడివి. ఈ పత్రిక మాత్రము భూమి దస్తావేజులను, కంపెనీ లెక్కలను, పురసభ తీర్మానములను బరిశీలించి ప్రకటించుచుండెను. తరువాతి పోరాటమున కీపత్రికయే పాఠశాల యయ్యెను.

ఆ సంవత్సరముననే రోజర్ ఆల్వెన్, మైక్ నారిస్ అను క్రొత్తయజమానుల కాలమున భూమియు క్లబ్బును మఱల నొకచేతికి వచ్చెను. 1989 మార్చి 23వ తేదీన వూలిచ్చు పురమందిరమున సభచేసి వ్యాలీకిఁ దిరిగిపోవుదుమని ప్రకటించిరి. ఏప్రిలు 2వ తేదీన అభిమానులు తండోపతండములుగా వచ్చి, నాలుగేండ్లుగా నెదిగిన ముండ్లపొదలను నఱికి, చెత్తనంతయు మైదానము నడుమఁ బోగుచేసి కాల్చిరి. 1919లో తాతలు చేసినపనిని 1989లో మనుమలు చేసిరి.

ఇఁకఁ గావలసినది నిర్మాణానుమతి. అది యజమాని యిచ్చునది కాదు, ధనికుఁడు కొనునది కాదు. ప్రజలెన్నుకొన్న పురసభ యీయవలసినది. ఈ భేదమునందే కథ మలుపు తిరిగినది.

1990 జనవరి 31వ తేదీన ప్రణాళికాసంఘము సమావేశమయ్యెను. మందిరము అభిమానులతోఁ గిక్కిఱిసియుండెను. క్లబ్బువారి ప్రణాళికలో నాటస్థలముతోపాటు వ్యాపారనిర్మాణములు గూడ నుండెను. చుట్టును నివాసగృహములు. హిల్స్‌బరో దుర్ఘటన జరిగి యింకను సంవత్సరము నిండలేదు. దానిని విచారించిన టైలర్ న్యాయాధిపతి తుదినివేదిక యా జనవరిలోనే వెలువడి, గొప్ప క్రీడాస్థలములలో నిలుచుమెట్లను దీసివేసి ప్రేక్షకులందఱికిని ఆసనములమర్పవలెనని చెప్పెను. ఇట్టికాలమున పురసభ్యులు సంకోచించిరనుట తప్పుగాదు. అభిమానుల కథనములలో వారు కేవలము హృదయశూన్యులుగాఁ గనఁబడుదురు. ఇరుగుపొరుగు గృహస్థుల యాక్షేపణలు వినుటయు వారి విధియే. వారి తప్పు వేఱొకటి. ఎదుట కూర్చున్న జనమును వినోదము కోరువారినిగాఁ జూచిరే కాని ఓటర్లనుగాఁ జూడరైరి. సంఘము అధికసంఖ్యతో ప్రణాళికను నిరాకరించెను.

నాలుగేండ్లకొకమాఱు జరుగు పురసభయెన్నిక మూఁడునెలల దూరముననే యుండెను. అభిమానులు వ్యాలీపక్షమను పేర నొకపక్షము స్థాపించిరి. పురసభలో 62 స్థానములు. క్లబ్బున కనుకూలముగా నుండిన యిరువురు సభ్యులపైఁ బోటీ చేయరాదని నిశ్చయించి, మిగిలిన యఱువది స్థానములకు 60 మంది నభ్యర్థులను నిలిపిరి. ఈ యభ్యర్థులలో రాజకీయానుభవము గలవారు లేరనియే చెప్పవచ్చును. శ్రామికపక్షమునకు జీవితమంతయు నోటువేసినవారును, సంప్రదాయపక్షమువారును ఒకే పట్టికలో నిలిచిరి. ప్రకటనావృత్తియందు నేర్పరులైన యభిమానులు గోడపత్రికలు వ్రాసిరి. వానిలో నొకదాని భావము, పురసభనే క్రాయిడనుకుఁ బంపివేసి, వారికెట్లుండునో చూతమని. సెల్‌హర్స్టు ఆ క్రాయిడను పురవిభాగములోనిదే. మఱికొన్ని పత్రికలు పూర్వవైభవమును స్మరింపఁజేసెను. నవ్వించుచుఁ గ్రుచ్చు మాటకు ఎన్నికలలో నుపన్యాసముకంటె బలము హెచ్చు.

ఆ యెన్నికకాలమును గూర్చి యొకమాట చెప్పవలెను. 1990 ఏప్రిలు 1వ తేదీనుండి ఇంగ్లాండున తలపన్ను అమలులోనికి వచ్చెను. దానికి ముందటి దినమున లండనులో గొప్ప అల్లరి జరిగెను. దేశమంతయు తలపన్నునుగూర్చియే మాటాడుచుండెను. అట్టి సమయమున నొక యాటస్థలముపేర నోట్లడుగుట హాస్యాస్పదమని పలువురు తలంచియుందురు.

మే 3వ తేదీన వ్యాలీపక్షమునకు 14,838 ఓట్లు వచ్చెను. పురవిభాగమునఁ బడిన మొత్తము ఓట్లలో నూటికి సుమారు పదునొకండు. ఈ సంఖ్యను జాగ్రత్తతో గ్రహింపవలెను. అచ్చట నప్పుడు కొన్ని వార్డులకు ఒకరికంటె నెక్కువమంది సభ్యులుండిరి. ఎన్ని స్థానములో ఒక్కొక్క ఓటరునకన్ని ఓట్లు. కాఁబట్టి ఓట్లసంఖ్యను మనుష్యసంఖ్యగాఁ జెప్పరాదు. అఱువదిమందికిఁ బంచిచూచినచో నొక్కొక్కరికి 247 ఓట్లు మాత్రమే. గెలుపునకు మిక్కిలి దూరము. అయినను పోటీ బిగువుగానున్న వార్డులలో రెండువందల యేఁబది ఓట్లు ఎటు మొగ్గునో చెప్పఁగలవారెవరు? ప్రణాళికాసంఘాధ్యక్షుఁడు తన స్థానమును గోల్పోయెను. శ్రామికపక్షము పురసభను నిలువఁబెట్టుకొనెను గాని, ఆ యొక్క యోటమి తక్కిన సభ్యులందఱికిని గన్నులు దెఱపించెను.

ఓట్లొక్కటియే సర్వమును సాధించెననుట తొందరపాటు. క్లబ్బువారు సవరించిన ప్రణాళికను సమర్పించిరి. పురసభలో క్రొత్తముఖములు వచ్చెను. అధికారులతో సంప్రదింపులు సాఁగెను. ఎన్నిక లేకున్నను కొంతకాలమున కొక రాజీ కుదిరియుండునేమో. కాని 1990 జనవరిలో రాజీమాటయే లేదనియు, ఆ వేసవి మొదలు మాటలధోరణి మాఱెననియు గమనింపవలెను. 1991 ఏప్రిలు 2వ తేదీన అనుమతి లభించెను. రాజకీయపక్షములవారు గెలిచినవారి బలమునే లెక్కింతురనుట సామాన్యాభిప్రాయము. తమ్ము నోడింపఁగలవారి బలమును వారింకను జాగ్రత్తగా లెక్కింతురని గ్రీనిచ్చు చూపినది.

అనుమతి వచ్చినను ధనము లేదు. 1991లో క్లబ్బు సెల్‌హర్స్టును విడిచి, నది కావలనున్న వెస్ట్‌హామ్ వారి ఆప్టన్ పార్కులో నద్దెకుండెను. అభిమానులు చందాలుగా పదిలక్షల పౌండ్లకుఁ బైగాఁ గూర్చిరి. చందాదారులకు టికెట్టు ధరలో తగ్గింపును, క్లబ్బు పాలకవర్గమునకు నొక డైరెక్టరు నెన్నుకొను హక్కును గలిగెను. ఓటు రుచి యెఱిఁగినవారు క్లబ్బులోపల గూడ నోటు నడిగిరన్నమాట. 1992 సెప్టెంబరులో రాబర్టు లీ యను మేటి యాటగానిని 7 లక్షల పౌండ్లకు న్యూకాసిల్ క్లబ్బునకు విక్రయింపవలసివచ్చెను.

1992 డిసెంబరు 5వ తేదీన ఏడేండ్ల పిమ్మట వ్యాలీలో మఱల నాట జరిగెను. ప్రతిపక్షము పోర్ట్స్‌మత్. కట్టడములు పూర్తికాలేదు, తాత్కాలికపు టాసనములలో 8,337 మంది కూర్చుండిరి. డెబ్బదియైదువేలమంది నిలిచిన గట్టులవి. ఏడవ నిమిషమున కాలిన్ వాల్ష్ అను నతఁడు గోలు చేసెను. ఆ యొక్క గోలుతోనే యాట ముగిసెను. వ్యాలీపక్షము తన పని ముగిసినదని మఱల నే యెన్నికకును నిలువలేదు.

క్లబ్బు 1998లో వెంబ్లీయందు సండర్లాండుతో 4-4 గా సమముగా నాడి, పెనాల్టీలలో 7-6 గా నెగ్గి, ప్రీమియరు లీగులోఁ బ్రవేశించెను. 2007లో దానినుండి జాఱెను. 2014లో రోలండ్ డుషాట్లే యను బెల్జియము ధనికుఁడు క్లబ్బును గొనెను. అతని పరిపాలనమున కెదురుగా అభిమానులు మఱల నిరసనలకు దిగిరి. 2016 అక్టోబరులో మైదానముమీఁదికి ప్లాస్టిక్కు పందిబొమ్మలను వేలకొలఁది విసరి యాటను నిలిపిరి. ఈమాఱు ఓటుపెట్టె లేదు. అనుమతి యడుగవలసిన పని యజమానికి లేనప్పుడు పురసభకు మాట లేదు. పురసభకు మాట లేనప్పుడు ప్రేక్షకుఁడు 1985 నాఁటి స్థితికే వచ్చును. 2020 జనవరిలో అతఁడు క్లబ్బును వేఱొకరికి విక్రయించెను. వ్యాలీ భూమిని మాత్రము తనయొద్దనే యుంచుకొనెను.